చలికాలంలో పూల్‌కి డీజిల్ హీటర్: సైజు, పైపులు, మంట

డిసెంబరు, జనవరి నెలల్లో హైదరాబాద్‌లో ఆరుబయటి పూల్‌లోకి పొద్దున్నే దిగాలంటే ఒణుకే. పెద్దవాళ్లు ఈదడానికి 26–28 డిగ్రీలు చాలు, చిన్నపిల్లలకు నేర్పేచోట 30 కావాలి. హీటర్ కొనేముందు ఒక చిన్న లెక్క వేసుకోండి. 10 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు, సగటున 1.4 మీటర్ల లోతున్న పూల్‌లో 70,000 లీటర్లు పడతాయి. లీటరు నీటిని ఒక డిగ్రీ పెంచడానికి ఒక కిలోక్యాలరీ. అంటే పూల్ మొత్తానికి డిగ్రీకి 70,000 కిలోక్యాలరీలు. లీటరు డీజిల్ కాల్చితే, పొగగొట్టంలో పోయేది పోగా, నీటికి అందేది సుమారు 7,200 కిలోక్యాలరీలు. కాబట్టి డిగ్రీకి దాదాపు 10 లీటర్లు, 22 నుంచి 28కి తేవడానికి 60 లీటర్లు. గంటకు 50,000 కిలోక్యాలరీలిచ్చే హీటర్ గంటకు 7 లీటర్లు తాగుతూ ఎనిమిదిన్నర గంటల్లో ఆ పని చేస్తుంది. ఈలోగా పైనుంచి పోయే వేడిని కలిపితే పది గంటలనుకోండి.

పైనుంచి పోయేదే అసలు ఖర్చు. లీటరు నీరు ఆవిరైతే 580 కిలోక్యాలరీలు పట్టుకుపోతుంది. ఇదే పూల్‌లో 5 మిల్లీమీటర్ల మట్టం ఆవిరైతే రెండు డిగ్రీలు, అంటే 20 లీటర్ల డీజిల్, గాల్లో కలిసినట్టే. బబుల్ కవర్ (నీటిమీద పరిచే బుడగల ప్లాస్టిక్ షీటు) కొననివాళ్లు డీజిల్ హీటర్ జోలికి వెళ్లకపోవడమే మేలు. రోజూ వేడిగా ఉంచాల్సిన పూల్‌కైతే హీట్ పంపే (గాల్లోని వేడిని కరెంటుతో నీటికి చేర్చే యంత్రం) చవక. ఒక్కరోజులో వేడెక్కాల్సినచోట, లేదా హోటల్లో హాట్ వాటర్ జనరేటర్ (నీళ్లు కాచే బాయిలర్) ముందే ఉన్నచోట డీజిల్ పనికొస్తుంది.

నీటి దారి ఇలా ఉండాలి: పంపు, ఫిల్టరు, హీటరు, ఆ తర్వాతే క్లోరిన్ డోసింగ్ (నీటిలో క్లోరిన్ కలిపేచోటు). హీటరుకీ డోసింగ్‌కీ మధ్య చెక్ వాల్వ్ (నీటిని ఒకవైపే పోనిచ్చేది) పెట్టకపోతే, పంపు ఆగినప్పుడు చిక్కటి క్లోరిన్ వెనక్కి జారి హీటర్ ట్యూబులను తినేస్తుంది. క్లోరిన్ డబ్బాలు హీటర్ గదిలో ఉంచకూడదు. ఆ ఆవిరిని బర్నర్ (డీజిల్‌ని మండించే భాగం) పీల్చుకుంటే ఇనుము తుప్పుపడుతుంది. గదికి కింద, పైన గాలి దారులు ఉండాలి, పొగగొట్టం బయటికి తీయాలి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు.

హోటల్లోలా బాయిలర్ వాడేచోట, దానిలోకి చల్లటి పూల్ నీరు నేరుగా వెళ్తే పొగలోని తేమ లోపలి గోడలమీద చెమటలా పట్టి, మసితో కలిసి రంధ్రాలు పొడుస్తుంది. అందుకే బాయిలర్ నీటిని 70–80 డిగ్రీల దగ్గర వేరుగా తిప్పి, హీట్ ఎక్స్‌ఛేంజర్ (రెండు నీళ్లూ కలవకుండా వేడిని మాత్రం దాటించే పరికరం) ద్వారా పూల్ నీటికి వేడి అందించాలి. బాయిలర్‌కి తిరిగొచ్చే నీరు 55కి తగ్గకూడదు.

మొదలుపెట్టేముందు ఫిల్టరు బ్యాక్‌వాష్ చేసి (నీటిని వెనక్కి తిప్పి కడిగి), పంపు ఆన్ చేసి, హీటర్‌లోని గాలి వదిలేయండి. నీళ్లు ఆగితే బర్నర్‌ని ఆపేసే ఫ్లో స్విచ్‌ని తీసేసి వైర్లు కలిపేసే మెకానిక్‌ని లోపలికి రానివ్వకండి. నీళ్లు ఆగినా బర్నర్ మండితే హీటర్ పోయినట్టే. తర్వాత డీజిల్ వాల్వ్ తెరిచి, బర్నర్ పంపుకి గాలి వదిలే బ్లీడ్ స్క్రూ వదులుచేసి, బుడగలు ఆగేదాకా డీజిల్ పోనివ్వండి. గంటకు 10,000 లీటర్లు తిరిగితే హీటర్ దాటిన నీరు 5 డిగ్రీలే పెరుగుతుంది. పూల్‌లోకి నీళ్లొచ్చే ఇన్‌లెట్ దగ్గర చెయ్యిపెట్టి ‘వేడి రావట్లేదు’ అనుకోవద్దు. తేడా 10 డిగ్రీలు దాటితేనే అనుమానించాలి: ఫిల్టరు నిండి ఫ్లో తగ్గింది. ఆపేటప్పుడు బర్నర్ ముందు, పంపు పది నిమిషాల తర్వాత.

నల్లపొగ వస్తే గాలి చాలట్లేదు: డ్యాంపర్ (గాలి సర్దే తలుపు), ఫ్యాన్ దుమ్ము, అరిగిన నాజిల్ (డీజిల్ చిమ్మే ముక్కు) చూడాలి. తెల్లపొగతో పాటు డీజిల్ వాసన వస్తే మంట సరిగా అంటుకోవట్లేదు: నిప్పురవ్వ పుట్టించే ఎలక్ట్రోడ్‌ల మధ్య దూరం, డీజిల్‌లో నీళ్లు చూడాలి. డీజిల్ ట్యాంకు అడుగునుంచి నీరు వారానికోసారి వదలాలి. అంటుకుని వెంటనే ఆరిపోతే తరచూ మంటని కనిపెట్టే ఫొటోసెల్‌కి మసి పట్టడమే కారణం, మెత్తటి బట్టతో తుడిస్తే చాలు. లాకౌట్ అయితే (బర్నర్ తనంతట తానే ఆగిపోతే) రీసెట్ ఒక్కసారే నొక్కండి. పదేపదే నొక్కితే కాలని డీజిల్ లోపల చేరి, చివరికి అంటుకున్నప్పుడు తలుపు ఎగిరిపోతుంది. నాజిల్ ఏడాదికోసారి మార్చాలి, అదీ అదే సైజు, అదే కోణంతో. పొగగొట్టం వేడి మామూలుకన్నా 40–50 డిగ్రీలు పెరిగితే ట్యూబులకు మసి పట్టిందని అర్థం.

బోరు నీళ్లైతే ఎక్స్‌ఛేంజర్‌లో సున్నం కడుతుంది, పీహెచ్ 7.2–7.6 మధ్య ఉంచండి. నీరు వేడెక్కితే క్లోరిన్ తొందరగా అయిపోతుంది, కాబట్టి రోజుకి రెండుసార్లు పరీక్షించండి.

మార్చిలో హీటర్ ఆపేశాక మసిని బ్రష్‌తో పూర్తిగా దులిపి, పొగగొట్టానికి మూత పెట్టండి. వదిలేస్తే వానాకాలం తేమకు ఆ మసే ఆమ్లమై ఇనుమును కొరుకుతుంది. మూత పెట్టిన సంగతి బర్నర్ స్విచ్ మీద చీటీ రాసి అంటించండి.