పురుగుమందు నీటిలో చేప ఊపిరిని కొలవడం ఎలా

మాది గుంటూరు పక్కన ప్రత్తిపాడు వైపు ఊరు. మిర్చికి మందు కొట్టిన మర్నాడు గట్టి వాన పడితే మా వాగులో జెల్లలు పైకి తేలి నోళ్లు తెరిచి ఆయాసపడేవి. 2021లో నల్ల తామర పురుగు తోటల మీద పడ్డాక మందు కొట్టడం ఇంకా పెరిగింది. ఇప్పుడు డిగ్రీ కాలేజీలో జువాలజీ చెబుతూ, ఆ ఆయాసాన్ని అంకెల్లో పట్టుకోవడం పిల్లలకు నేర్పిస్తున్నాను.

ఎనిమిది, పది గ్రాముల శీలావతి (రోహు) చేప పిల్లల్ని, ఒకే సైజువి తెచ్చుకోండి. సంచి విప్పకుండా తొట్టెలో అరగంట తేలనిచ్చి, ఆ తర్వాతే వదలండి. కొళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి ఒకరోజు ముందే పట్టి గాలిపంపు పెట్టాలి. తవుడు, వేరుశనగ చెక్క వేస్తూ పది రోజులైనా అలవాటు పడనివ్వండి. పరీక్షకు ముందురోజు మేత ఆపేయాలి. మేత అరిగించుకోవడానికే చేప ఎక్కువ ఆక్సిజన్ వాడేస్తుంది. మే నెలలో మాత్రం ఈ పని పెట్టుకోకండి. నీరు వేడెక్కితే అందులో ఆక్సిజన్ తగ్గుతుంది, చేపకు అవసరం పెరుగుతుంది. ఆ తేడా మందుదో గుంటూరు ఎండదో ఎవరూ చెప్పలేరు.

విద్యార్థులు ఎక్కువగా తప్పేది మందు కలిపేటప్పుడు. క్లోర్‌పైరిఫాస్ 20 ఈసీ (20 శాతం అసలు మందున్న, నీటిలో కలిపే పురుగుమందు ద్రవం) ఒక మిల్లీలీటరులో సుమారు 200 మిల్లీగ్రాముల అసలు మందు ఉంటుంది. దాన్ని లీటరు నీటిలో కలిపి, అందులోంచి మళ్లీ ఒక మిల్లీలీటరు తీసి ఇంకో లీటరులో కలిపితే లీటరుకు 0.2 మిల్లీగ్రాములు. లెక్క ఈ రెండో ద్రావణం దగ్గర మొదలుపెట్టండి. సైపర్‌మెత్రిన్ లాంటి పురుగుమందులైతే ఇంకా జాగ్రత్త. చేప కాలేయం వాటిని త్వరగా విడగొట్టలేదు, మైక్రోగ్రాములకే చనిపోతుంది. 96 గంటల్లో సగం చేపల్ని చంపే మోతాదు కనుక్కుని, అందులో పదోవంతు వాడండి. చనిపోతున్న చేపలో చావే కనిపిస్తుంది, మనకు కావలసిన జీవక్రియ మార్పు కనిపించదు. రోజూ నీళ్లు మార్చి అదే మోతాదు మళ్లీ వేయాలి. మందు లేని తొట్టెకు కూడా రోజూ నీళ్లు మార్చాలి.

ఆక్సిజన్ కొలతకు రెండు లీటర్ల మూతజాడీలో ఒక్క చేపను ఉంచితే చాలు. నీటిని సన్న గొట్టంతో అడుగు నుంచి నింపండి, బుడగ ఒక్కటి కూడా మిగలకూడదు. మొదట్లో ఒకసారి, గంట తర్వాత ఒకసారి వింక్లర్ పద్ధతిలో కొలవండి. మాంగనస్ సల్ఫేట్, ఆల్కలైన్ అయొడైడ్ వేస్తే గోధుమరంగు అవక్షేపం దిగుతుంది. సల్ఫ్యూరిక్ ఆమ్లంతో దాన్ని కరిగించి, స్టార్చ్ వేస్తే వచ్చే నీలం పోయేదాకా థయోసల్ఫేట్ చుక్కలుగా వదలాలి; అది ఎంత పట్టిందో దాన్నిబట్టే ఆక్సిజన్ లెక్క. ఉదాహరణకు ఆక్సిజన్ లీటరుకు 7.2 నుంచి 6.0 మిల్లీగ్రాములకు తగ్గిందనుకోండి. తేడా 1.2, రెండు లీటర్లకు 2.4. చేప ఎనిమిది గ్రాములైతే గ్రాముకు గంటకు 0.3 మిల్లీగ్రాములు. చేప లేని జాడీని కూడా పక్కన పెట్టి, అందులో తగ్గినంత తీసేయండి.

మందు మొప్పల్ని దెబ్బతీస్తే చేపకు ఆక్సిజన్ అందడం తగ్గుతుంది. అప్పుడు అది కాలేయంలో దాచుకున్న గ్లైకోజన్‌ను (చక్కెర నిల్వను) ఖర్చు పెడుతుంది, లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది. ఇంకా కొనసాగితే ప్రోటీన్లనూ విడగొట్టుకుంటుంది. అందుకే ఒక్క ఆక్సిజన్‌తో ఆగకుండా ఆంథ్రోన్ అనే రసాయనంతో గ్లైకోజన్ కూడా చూడాలి. పచ్చరంగు ఎంత చిక్కగా వస్తే అంత నిల్వ ఉన్నట్టు.

నా మొదటి ప్రాజెక్టులో మందు తగలని చేపల్లోనూ గ్లైకోజన్ సగానికి పడిపోయింది. వారం రోజులు టెన్షన్ పడ్డాక కారణం తెలిసింది. వల పట్టుకుని తొట్టెలో పది నిమిషాలు వాటిని తరిమాను. భయపడ్డ చేప కూడా అదే నిల్వను కరిగిస్తుంది. అప్పటినుంచి ముందురోజే ఒక్కో చేపను ఒక్కో చిన్న గాజుతొట్టెలోకి మార్చి, పైన గుడ్డ కప్పి ఉంచుతున్నాను. తెల్లారి అందులోనే లవంగ నూనె ఎక్కువ మోతాదులో కలిపి, చేప పూర్తిగా చనిపోయాక వెంటనే కాలేయాన్ని తీసి ఐసులో పెడతాను. ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా మాత్రం ఇదేదీ మొదలుపెట్టకండి. మందు కలిసిన నీటిని సింకులో పోయకుండా డ్రమ్ములో పట్టి, కాలేజీ రసాయన వ్యర్థాలతో పాటు పంపించండి. మా ల్యాబ్ సింకు నీళ్లు వెళ్లేది బయట కాలవలోకే.