పాత నలుపు-తెలుపు రీలును బాగుచేసి రంగులద్దడం ఎలా?

‘మాయాబజార్’ 1957లో వచ్చింది. 2010లో దానికి రంగులద్ది మళ్లీ విడుదల చేశారు. బరంపురం, పర్లాకిమిడి వైపు మన ఇళ్లలో అటక మీద పాత రీలు డబ్బా బయటపడితే ఎవరికైనా ముందు రంగుల మీదకే మనసు పోతుంది. కానీ రంగు చివరి పని.

ముందు డబ్బా తెరిచి వాసన చూడండి. వెనిగర్ వాసన కొడితే ఎసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఫిల్మ్ పాడవడం మొదలైనట్టే. గోపాల్‌పూర్ సముద్రం మీంచి వచ్చే తేమగాలికి అది ఇంకా త్వరగా చెడుతుంది. ఆ రీలును మిగతావాటికి దూరంగా, చల్లగా పొడిగా ఉన్నచోట పెట్టి, స్కానింగ్‌కు అన్నిటికన్నా ముందు దాన్నే పంపండి. 1950ల మొదటికి ముందు నాటి 35 ఎంఎం రీలైతే నైట్రేట్ అనే, ఇట్టే మండే పాతరకం ఫిల్మ్ కావచ్చు. నిప్పంటుకుంటే నీళ్లు పోసినా ఆరదు. దాని జోలికి పోకుండా పుణెలోని జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్‌ను సంప్రదించండి.

ఆత్రంకొద్దీ ప్రొజెక్టర్‌లో వేయకండి. కుంచించుకుపోయిన ఫిల్మ్ పళ్లకు చిక్కి చిరుగుతుంది. ఫ్రేమ్ తర్వాత ఫ్రేమ్ స్కాన్ చేసే ల్యాబ్‌కు ఇవ్వండి. గీతలు ఎక్కువుంటే వెట్ గేట్ స్కానింగ్ అడగండి. అందులో ద్రవం గీతల్లో నిండి వాటిని కనబడనివ్వదు. వచ్చిన ఫైలును రెండు డిస్కుల్లో దాచుకోండి.

తర్వాత డావిన్చి రిజాల్వ్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో మొదట వణుకు, ఆపైన వెలుతురు మినుకులు, చివర్లో దుమ్ము మచ్చలు తీయండి. గ్రెయిన్, అంటే ఫిల్మ్ మీద సహజంగా కనిపించే సన్నని రేణువులు, మొత్తం తుడిచేస్తే ముఖాలు మైనపు బొమ్మల్లా తయారవుతాయి, కొంత ఉండనివ్వండి. మూగ 8 ఎంఎం రీళ్లు సాధారణంగా సెకనుకు 16 ఫ్రేములు, సూపర్ 8 అయితే 18. వాటిని 24లో నడిపితే మనుషులు హడావిడిగా పరిగెడతారు.

ఇప్పుడు రంగులు. డీఓల్డిఫై లాంటి ఉచిత ఏఐ పనిముట్లు ఒక పునాది వేసిపెడతాయి, కానీ అవి వేసేది ఊహే. ఎర్రచీర, పచ్చచీర రెండూ ఫిల్మ్ మీద ఒకే బూడిదరంగుగా పడొచ్చు. అసలు రంగు ఆ బొమ్మలో లేనేలేదు, చూసినవాళ్ల జ్ఞాపకంలోనే ఉంది. కాబట్టి ప్రతి షాట్ నుంచి ఒక ఫ్రేమ్ ప్రింట్ తీసి పెద్దవాళ్ల ముందు పెట్టండి. “అమ్మమ్మా, ఈ పట్టుచీర ఏ రంగు? అంచేది?” అని అడిగి దానిమీదే రాసుకోండి. అంచు చూపిస్తే బరంపురం పట్టు నేసేవాళ్లు కూడా కొంత చెప్పగలరు. బరంపురం అమ్మవారి జాతర ఠాకురాణి యాత్ర రీలైతే పులివేషం పసుపు ఒంటిమీద నల్లచారలని మనకు తెలుసు, యంత్రానికి తెలియదు. అలాంటిచోట రంగు పడాల్సిన భాగం చుట్టూ మాస్క్ గీసి, అది బొమ్మతోపాటే కదిలేలా ట్రాకింగ్ పెట్టి చేత్తోనే దిద్దాలి. ఓపిక పట్టే పని ఇదొక్కటే, దీన్ని తొందరపెట్టకండి. ఎవరికీ గుర్తులేని రంగును వెలిసినట్టు లేతగా వదిలేయడం మేలు.

నలుపు-తెలుపు ఫైలును చెరపకండి. రంగుల ప్రతి మొదట్లో ‘తర్వాత వేసిన రంగులు’ అని వేయండి. ఇంటి రీలు కాక సినిమా అయితే, విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది. అప్పటిదాకా హక్కుదారుల అనుమతి లేకుండా బయటపెట్టకూడదు.