మృగశిర రాకముందే జాక్‌లు మార్చేయండి: మాడ్యులర్ సింథ్‌కి బనానా సాకెట్లు పెట్టేవారికి జాగ్రత్తలు

మాడ్యులర్ సింథ్ అంటే విడివిడి మాడ్యూళ్ళని తీగలతో కలిపి వాయించే ఎలక్ట్రానిక్ వాద్యం. దాని జాక్‌లు తీసి బనానా సాకెట్లు పెట్టే పనిని రోహిణి కార్తె ఎండలకి భయపడి వానాకాలానికి నెట్టకండి. కోనసీమలో సాల్డరింగ్‌కి ఇదే అదను. మృగశిరలో చినుకు పడ్డాక గాలిలో తేమ వదలదు. సాల్డర్ చేసిన చోట మిగిలిన ఫ్లక్స్ (అతుకు పట్టడానికి వాడే రసాయనం) ఆ తేమని పీల్చుకుంటే బోర్డు మీద కరెంటు సన్నగా కారుతుంది. స్వరం ఎత్తుని నిర్ణయించే పిచ్ వోల్టేజీ, స్థాయికి (ఆక్టేవ్‌కి) 1 వోల్టు లెక్కన నడుస్తుంది. అంటే ఒక్కో స్వరస్థానానికి దక్కేది సుమారు 83 మిల్లీవోల్టులే. పోయిన శ్రావణంలో నేను ఆగలేక ఒక ఆసిలేటర్ (స్వరం పుట్టించే మాడ్యూల్) విప్పాను, ఫ్లక్స్ సరిగా కడగలేదు. పొద్దున్న శ్రుతి చేస్తే సాయంత్రం ముసురుకి జారిపోయేది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో పాత టూత్‌బ్రష్ ముంచి రుద్ది, ఫ్యాన్ కింద రాత్రంతా ఆరబెట్టాకే నిలబడింది. ఆ ఆల్కహాల్ ఇట్టే అంటుకుంటుంది కాబట్టి, సాల్డరింగ్ ఐరన్ ప్లగ్ తీసి చల్లారాకే సీసా మూత తీయండి.

యూరోర్యాక్ అనే కొలతలో చేసిన మాడ్యూళ్ళకి 3.5 మి.మీ. జాక్‌లుంటాయి. 1990ల్లో డీటర్ డోప్ఫర్ చేసిన ఏ-100 సింథ్‌తో మొదలైన పద్ధతి అది. బనానా పిన్ను 4 మి.మీ. లావు, 1970ల నుంచీ సెర్జ్ అనే మాడ్యులర్ సింథ్‌లలో అదే. పిన్ను నెత్తిన పిన్ను గుచ్చుకుంటూ పోవచ్చు, అందుకే దాని మీద మోజు. కానీ జాక్ మార్చడమంటే రంధ్రం పెద్దది చేయడం ఒక్కటే కాదు, అసలు జాగ్రత్త పడాల్సింది ఇక్కడే.

3.5 మి.మీ. జాక్‌కి మూడు కాళ్ళు: సిగ్నల్, గ్రౌండ్, స్విచ్. పిన్ను గుచ్చనంతసేపూ ఆ స్విచ్ కాలు లోపలి నుంచి ఏదో ఒకటి అందిస్తూ ఉంటుంది. ఒకచోట ఆసిలేటర్ సిగ్నల్, ఇంకోచోట 5 వోల్టులు, చాలాచోట్ల ఉత్త గ్రౌండ్. బనానా సాకెట్‌కి ఒక్కటే కాలు. స్విచ్ తీగని అలాగే కలిపేస్తే, బయటి నుంచి వచ్చే సిగ్నల్ లోపలిదానితో కొట్టుకుంటుంది. కోసేస్తే ఆ సదుపాయం పోతుంది. పోకూడదనుకుంటే పక్కన చిన్న టాగుల్ స్విచ్ పెట్టండి. గ్రౌండ్‌కి కలిసిన స్విచ్ తీగ తీసేశాక ఖాళీ ఇన్‌పుట్ గాలిలో వేలాడుతూ ఇన్వర్టర్ రొదంతా లాగుతుంది. సాకెట్ నుంచి గ్రౌండ్‌కి 100 కిలోఓమ్ రెసిస్టర్ వేయండి, పిచ్ ఇన్‌పుట్‌కైతే 1 మెగాఓమ్. ఒక్క కాలు కూడా కోయకముందే మల్టీమీటర్ బీప్ పెట్టి, ఏది ఎక్కడికి పోతోందో కాగితం మీద గీసుకోండి, ఫొటోలూ తీసుకోండి.

పిన్ను మీద పిన్ను పెట్టే ఊపులో రెండు అవుట్‌పుట్‌లు కలిసిపోవడం మామూలే. అవుట్‌పుట్ దగ్గర 1 కిలోఓమ్ రెసిస్టర్ ఉంటే ఆప్-యాంప్ (సిగ్నల్‌ని బయటికి పంపే ఐసీ) బతుకుతుంది, ఉందో లేదో చూడండి. పిచ్ అవుట్‌పుట్‌కి మాత్రం కొత్తగా తగిలించకండి. 100 కిలోఓమ్ ఇన్‌పుట్‌కి పోయేసరికి వోల్టుకి దాదాపు 10 మిల్లీవోల్టులు తరుగుతుంది, చెవికి తెలిసిపోతుంది.

పాత జాక్‌ని బోర్డు నుంచి ఊడబెరకకండి, రాగి ప్యాడ్ లేచి వస్తుంది. నిప్పర్‌తో జాక్‌నే ముక్కలు చేసి, మిగిలిన కాళ్ళని ఒక్కొక్కటిగా వేడిచేసి లాగండి. జాక్ పోతే కొత్తది కొనుక్కోవచ్చు, బోర్డుకి ఆ వీలుండదు. చాలా మాడ్యూళ్ళలో బోర్డుని ప్యానెల్‌కి పట్టి ఉంచేది ఈ జాక్‌లే. అవి పోయాక బరువంతా నాబ్‌ల మీద పడుతుంది, స్పేసర్లు బిగించండి. 6 మి.మీ. రంధ్రం బనానాకి సుమారు 8 అవ్వాలి, మీ సాకెట్‌ని కొలిచాకే డ్రిల్ పట్టండి. బోర్డు విప్పి దూరంగా పెట్టండి, అల్యూమినియం రజను ఐసీ కాళ్ళ మధ్య ఇరుక్కుంటే కనపడదు.

బనానా తీగలో గ్రౌండ్ ఉండదు. రెండు సింథ్ పెట్టెలు కలిపినా, యాంప్లిఫయర్‌కి ఇచ్చినా, విడిగా గ్రౌండ్ వైరు వేయాల్సిందే.

ఇంట్లో పిల్లలుంటే ఇది రెండుసార్లు చదవండి. బనానా పిన్ను గోడ సాకెట్ రంధ్రంలోకి దూరిపోతుంది. రెండో కొస చేతిలో ఉంటే ప్రాణం పోతుంది. వాడనప్పుడు తీగలు పెట్టెలో పెట్టి తాళం వేయండి, స్విచ్ బోర్డు దాపున వేలాడదీయకండి.

ఉరుములు వినపడితే స్విచ్ కట్టేస్తే సరిపోదు, ప్లగ్గే పీకేయండి. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉండేవారికి ఉప్పుగాలి బెడద అదనం, పిన్నులకి చిలుము పడుతుంది. మూత గట్టిగా ఉన్న డబ్బాలో సిలికాజెల్ పొట్లాలు వేసి దాచండి.

అంతా బిగించాక, మాడ్యూల్‌కి కరెంటు తెచ్చే రిబ్బన్ కేబుల్ ఎర్రగీత బోర్డు మీద మైనస్ 12 అని ఉన్నవైపే ఉందా చూడండి. మాడ్యూల్ ఒక్కదాన్నే తగిలించి కరెంటు ఇవ్వండి. ఐసీల మీద వేలి వెనకభాగం ఆనించి ఒక్క నిమిషం ఆగండి. ఏదైనా చురుక్కుమంటే వెంటనే తీసేసి, గీసుకున్న కాగితం ముందు పెట్టుకోండి.