తాటిచెట్టు మీంచి పడ్డవాళ్లని ఎత్తే ముందు

నేను ఫిజియోథెరపిస్టుని. గీత కార్మికుడు చెట్టు మీంచి పడగానే తలా ఓ చెయ్యి వేసి ఆటోలో కూర్చోబెడతారు చూడండి, ఆ పని అస్సలు చెయ్యకండి. వెన్నుపాము దాదాపు చిటికెన వేలంత లావు, 45 సెంటీమీటర్ల పొడవు. విరిగిన వెన్నుపూస కదిలిందంటే వెన్నుపాము నలిగిపోవచ్చు.

ముందు 108కి ఫోన్ కొట్టండి. ఒకరు తల వెనక మోకాళ్ల మీద కూర్చుని, తలని రెండు అరచేతులతో కదలకుండా పట్టుకోవాలి. చెవులు మాత్రం మూయకండి, మన మాట వినపడాలి కదా. నడుముకి మోకు ఉంటే లాగొద్దు. నీళ్లు పట్టొద్దు.

"మామా, కాలివేళ్లు కదుపు" అనండి. తర్వాత చేతివేళ్లు. చేతులు బాగా ఆడుతూ కాళ్లు ఆడకపోతే దెబ్బ మెడకి దిగువన తగిలి ఉండొచ్చు. చేతులూ ఆడకపోతే మెడని అనుమానించాలి. ఊపిరి పీల్చుకోవడానికి ముఖ్యమైన కండరం డయాఫ్రమ్‌కి నరాలు మెడలోని 3, 4, 5 స్థాయిల నుంచే వస్తాయి, అందుకని ఛాతీ, పొట్ట కదలికని చూస్తూనే ఉండండి. అన్నీ ఆడుతున్నా లేపొద్దు. పూస విరిగినా వెన్నుపాముకి ఇంకా దెబ్బ తగలని మనిషి అయ్యుండొచ్చు. పోగొట్టుకోడానికి అతనికే ఎక్కువ ఉంది.

వాంతి వస్తే పక్కకి తిప్పక తప్పదు. తల పట్టుకున్నవాళ్లే "ఒకటి, రెండు, మూడు" అని లెక్క చెప్పాలి. భుజం, నడుము, మోకాళ్లు పట్టుకున్నవాళ్లు ఒక్కసారే, దుంగని దొర్లించినట్టు తిప్పాలి.

అంబులెన్సు వాళ్లకి ఎంత ఎత్తు నుంచి, ఎన్నింటికి పడ్డాడో చెప్పండి. కాళ్లు పడ్డప్పటి నుంచే ఆడలేదా, కాసేపు ఆడి ఆగాయా అన్నది మర్చిపోకుండా చెప్పండి.