నొప్పి ఎక్కడో, క్లీట్ ఎటు జరపాలో

నిమిషానికి 90 సార్లు సైకిల్ పెడల్ తిప్పే వ్యక్తి మోకాలు గంటలో 5,400 సార్లు ఒకే దారిలో వంగి లేస్తుంది. ఆ దారిని నిర్ణయించేది చాలా వరకు బూటు అడుగున బిగించిన క్లీట్ (పెడల్‌లో ఇరుక్కుని, మడమ పక్కకు తిప్పితే విడిపడే చిన్న ముక్క) కనుక, అది రెండు మిల్లీమీటర్లు తప్పుగా ఉన్నా మొదటి అరగంటలో తెలియని ఇబ్బంది మూడో గంటకు నొప్పిగా తేలుతుంది.

ఏ సవరణకైనా ముందు పాదంలోని ఎముకలు బూటులో ఎక్కడ ఉన్నాయో తెలియాలి. బూటు తొడుక్కుని నిలబడి, బొటనవేలి మొదట్లో లోపలి వైపు ఉబ్బెత్తుగా ఉండే ఎముకను చేతి బొటనవేలితో నొక్కి వెతికి, దానికి ఎదురుగా బూటు అంచు మీద గుర్తు పెట్టండి. చిటికెన వేలి మొదట్లోని ఎముకకూ అలాగే గుర్తు పెడితే, అది మొదటి గుర్తు కంటే కాస్త వెనుకగా వస్తుంది. పెడల్ ఇరుసు ఈ రెండు గుర్తుల మధ్య పడేలా క్లీట్ బిగించడమే భద్రమైన ఆరంభం. ఇరుసు ఎక్కడ పడుతుందో చూపే చిన్న గీత చాలా క్లీట్ల పక్క అంచు మీద ఉంటుంది.

అరికాలి ముందు భాగంలో మంట, వేళ్లలో తిమ్మిరి

క్లీట్ మరీ ముందుకు ఉంటే తొక్కుడు బలమంతా వేళ్ల మొదళ్ల మీదే పడి, ఆ ఎముకల మధ్యనున్న నరాలు నలుగుతాయి. దూర ప్రయాణంలో పాదం ఉబ్బుతుంది కనుక, ముందుగా బూటు ముందు పట్టీని వదులు చేసి చూడండి. అప్పటికీ మంట తగ్గకపోతే క్లీట్‌ను రెండు మూడు మిల్లీమీటర్లు వెనక్కి జరపండి.

పిక్కలో, మడమ వెనుక స్నాయువులో లాగుడు

కారణమూ అదే, పరిష్కారమూ అదే. ఇరుసుకూ మడమకూ దూరం పెరిగినకొద్దీ మడమ కుంగిపోకుండా పట్టి ఉంచే పని పిక్క మీద పడుతుంది. అయితే క్లీట్‌ను వెనక్కి జరిపినప్పుడు కాలు చాచవలసిన దూరం కొద్దిగా పెరుగుతుంది కనుక సీటును కూడా ఒకటి రెండు మిల్లీమీటర్లు దించాలి. ఈ సంగతి మరచినవారు పిక్క నొప్పిని వదిలించుకుని మోకాలి వెనుక నొప్పిని తెచ్చుకుంటారు.

మోకాలికి లోపలి వైపు లేదా బయటి వైపు నొప్పి

ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. రెండు పాదాలూ ముందుకు నిటారుగా ఉండాలని చాలామంది అనుకుంటారు గాని, ఎత్తైన బల్ల అంచున కూర్చుని కాళ్లు వేలాడదీసి చూస్తే వేళ్లు కాస్త బయటికో లోపలికో తిరిగి ఉంటాయి, పైగా కుడి ఎడమలకు పోలికే ఉండకపోవచ్చు. క్లీట్ ఆ సహజమైన కోణాన్ని అనుసరించాలి. వేళ్లు అవసరానికి మించి బయటికి తిరిగితే సాధారణంగా మోకాలి లోపలి వైపు, లోపలికి తిరిగితే బయటి వైపు నొప్పి వస్తుంది. తిప్పేటప్పుడు దిశ తారుమారవుతుందని గుర్తుంచుకోండి: క్లీట్ ముక్కును బొటనవేలి వైపు తిప్పితే, పెడల్‌లో ఇరికించాక బూటు వేళ్లు బయటికి తిరుగుతాయి. పక్కకు జరిపినా అంతే. క్లీట్‌ను బొటనవేలి వైపు జరిపితే పాదం క్రాంక్‌కు, అంటే పెడల్‌ను పట్టి ఉంచే కడ్డీకి, దూరమవుతుంది.

పాదం కొద్దిగా అటూ ఇటూ కదిలే వీలున్న క్లీట్ అయితే చిన్న లోపాలను మోకాలే సర్దుకుంటుంది. కొనేటప్పుడు రంగును నమ్మి మోసపోకండి. షిమానో కంపెనీ రోడ్డు సైకిల్ క్లీట్లలో ఎరుపు అసలు కదలనిది, నీలం 2 డిగ్రీలు, పసుపు 6 డిగ్రీలు. లుక్ కంపెనీ కియో రకం క్లీట్లలో మాత్రం నలుపు కదలనిది, బూడిద రంగు 4.5 డిగ్రీలు, ఎరుపు ఏకంగా 9 డిగ్రీలు.

మోకాలి చిప్ప ముందు నొప్పి ఉంటే క్లీట్ జోలికి పోకుండా ముందు సీటు మరీ కిందికి ఉందేమో చూడండి. వాపు ఉన్నా, విశ్రాంతి ఇచ్చినా నొప్పి తగ్గకపోయినా వైద్యునికి చూపించాలి.

మడమ తిప్పినా పాదం విడిపడకపోవడం

పెడల్ స్ప్రింగ్ బిగువును అనుమానించే ముందు బోల్టులు చూడండి. రెండు బోల్టుల క్లీట్‌లో ఒకటి ఊడిపోతే, పాదం తిరిగినా క్లీట్ దానితో పాటు తిరగక పెడల్‌ను వదలదు. ఒకసారి కూడలిలో ఆగబోయి, మడమ ఎంత తిప్పినా ఎడమ కాలు రాక, సైకిల్‌తో సహా పక్కకు ఒరిగాక గాని నాకీ విషయం తెలియలేదు. ఆ స్థితిలో బూటును పెడల్‌కే వదిలి పాదాన్ని బయటికి తీయడం ఒక్కటే మార్గం. బిగించేటప్పుడు మరలకు కాస్త గ్రీజు రాసి, షిమానో క్లీట్లయితే 5 నుంచి 6 న్యూటన్ మీటర్ల బిగువు ఇచ్చి, మొదటి ప్రయాణం తరువాత మళ్లీ ఒకసారి సరిచూడండి. తొక్కినప్పుడల్లా వచ్చే కిర్రుమనే చప్పుడు కూడా చాలాసార్లు ఈ గ్రీజుతోనే పోతుంది.

ఒక్కసారికి ఒక్క దిశలోనే జరిపి, రెండు మూడు ప్రయాణాలు చేసి చూశాకే ఇంకో మార్పు చేయండి. అరిగిన క్లీట్‌ను విప్పే ముందు దాని చుట్టూ మార్కర్‌తో గీత గీసుకుంటే, కొత్తది ఆ గీతలోనే కూర్చుంటుంది.