గంజాం మేకల మంద వెంట పది రోజులు: జంతువుల ప్రవర్తనను గమనించడం ఎలా?

ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి వైపు జువాలజీ చదివే పిల్లలు ప్రాజెక్టు అనగానే ల్యాబ్ కోసం వెతుకుతారు. మన ఊళ్ల పక్కనే గొల్లలు మేపే గంజాం మేకలున్నాయి. పొడుగు కాళ్లు, నిటారు కొమ్ములతో ఉండే ఈ మేకలు దేశవాళీ జాతిగా నమోదైనవి. ఒక నోట్‌బుక్, ఒక వాచీ ఉంటే పని మొదలుపెట్టొచ్చు.

ముందు కాపరి దగ్గరికి వెళ్లండి. "బాబాయ్, పది రోజులు మీ మంద వెనకాల తిరగనా?" అని అడగండి. మొదటి రెండు రోజులు నోట్‌బుక్ తీయొద్దు. దొడ్డి ఊడ్చండి, నీళ్లు పెట్టండి. మేక ఎడమ డొక్క మీద అరచెయ్యి ఆనించి ఒక నిమిషం ఆగండి. లోపల అల పొంగినట్టు ఒకటి రెండు సార్లు కదలాలి. అది కడుపులో మేత కలిసే కదలిక. ఎంతసేపు చూసినా కదలకపోతే వెంటనే కాపరికి చెప్పండి. ఈనిన మేక మాయను మాత్రం వట్టి చేతులతో ముట్టుకోవద్దు, బ్రూసెల్లోసిస్ అనే జబ్బు అంటుకోవచ్చు. పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

ఇక అసలు పని. మేక చేసే పనుల జాబితా రాసుకోండి: నేల మేత, కొమ్మ మేత, నెమరు, నడక, నిలబడటం, పడుకోవడం, పొడవడం. పిల్లలు తప్పు చేసేది ఇక్కడే. "కోపంగా ఉంది" అని రాస్తారు. కోపం మీకు కనిపించలేదు. కనిపించింది ఇది: తల వంచింది, పక్కదాని డొక్కలో కొమ్ముతో పొడిచింది, పక్కది రెండడుగులు వెనక్కి వేసింది. అదే రాయండి. నా మొదటి ప్రాజెక్టులో మూడు పేజీలు ఇలాంటి మాటలతోనే పనికిరాకుండా పోయాయి, ఆ బాధ ఇప్పటికీ ఉంది.

గమనించడానికి రెండు పద్ధతులు చాలు. పది నిమిషాలకోసారి మంద మొత్తాన్ని ఒక చివర నుంచి చూసుకుంటూ, ఏ మేక ఏం చేస్తోందో లెక్క రాయడం ఒకటి. ఒక్క మేకనే పది నిమిషాలు కన్ను తిప్పకుండా చూడటం రెండోది. కెన్యాలో బబూన్ కోతులను గమనించిన జీన్ ఆల్ట్‌మన్ 1974లో ఈ పద్ధతుల మంచిచెడ్డలు విడమర్చి రాశారు. ఏ మేకను చూడాలో ముందే చీటీ తీయండి. లేదంటే కంటికి ఇంపైన పిల్లమేక మీదే చూపు పోతుంది. కొమ్ము వంపు, చెవి చీలిక, ముఖం మీద మచ్చ చూసి గుర్తుపట్టొచ్చు.

పొద్దున, మిట్టమధ్యాహ్నం, సాయంత్రం లెక్కలు వేరువేరుగా వేయండి. అన్నీ కలిపేస్తే ఎండవేళ నీడన చేరి నెమరేసిన సంగతి లెక్కలో కనిపించదు.

తొమ్మిదో రోజు ఆ లెక్కలు కాపరికి చదివి వినిపించండి. ఆయన "కాదమ్మా" అన్న చోట పదో రోజు మళ్లీ చూడండి.