గోడ బొమ్మ ముందు ఎలా ఆగాలంటే

పద్దెనిమిదేళ్లు విజయనగరంలో సైన్‌బోర్డులు రాశాను. ఫ్లెక్సీలొచ్చాక కుంచెలు అటకెక్కాయి గానీ, గోడ మీద బొమ్మ కనబడితే ఆగడం మాత్రం పోలేదు.

మీరూ చూడాలనుకుంటే పొద్దున్న ఏడింటికల్లా గంటస్తంభం దగ్గర మొదలుపెట్టి, మూడు లాంతర్ల జంక్షన్ మీదుగా కోట వైపు నడవండి. ఎండ అప్పుడు ఏటవాలుగా పడుతుంది, గోడలకి అడ్డంగా బళ్లుండవు.

ముందు పదడుగులు వెనక్కెళ్లి చూడండి. తర్వాత ముక్కు ఆనేంత దగ్గరికి రండి. ఆ ఏటవాలు ఎండలో రంగు కింద సన్నని గళ్లు కనబడొచ్చు. కాగితం మీది బొమ్మకి గళ్లు గీసి, అన్ని గళ్లే గోడ మీద పెద్దగా గీసి, ఒక్కో గడిలో ఉన్నది అందులోకి ఎక్కిస్తాం. నేనొకసారి బద్ధకించి గళ్లు లేకుండానే గురజాడ వారిని వేశాను. గోడ మీదికి మాత్రం మా వీధి కిరాణా శెట్టిగారు వచ్చారు.

ఆ తర్వాత గోడ అడుగున మూరెడు మేర చూడండి. నేలలోని చెమ్మ ఇటుకల్లోంచి పైకి పాకి, ఆరేటప్పుడు ఉప్పు పొంగి రంగుని పెచ్చులుగా ఊడగొడుతుంది. పాత సున్నం గోకకుండా పైపైన వేసిన బొమ్మైతే ఇంకా తొందరగా రాలుతుంది.

గీతల మనుషులు కనబడితే వెంటనే సవర గిరిజనుల బొమ్మలనుకోకండి. రెండు ముక్కోణాలు మొనలు కలిపినట్టు ఒళ్లుంటే అది మహారాష్ట్ర వార్లీ గిరిజనుల బొమ్మ, ఫోన్లో చూసి దించినది. సవరలు ముందు చుట్టూ అంచు గీసుకుని లోపలికి నింపుకొస్తారు. వాళ్ల ఇళ్లలో అది అలంకారం కాదు, దేవతల కోసం, పోయిన పెద్దల కోసం వేసేది.

మూత్రం పోయకుండా దేవుడి బొమ్మ పెట్టిన గోడలు నాకు నచ్చవు. దేవుడికి వాచ్‌మన్ ఉద్యోగమా! మా సందులో ఎవరో పైడితల్లి అమ్మవారి పండగలో ఊరేగించే సిరిమాను వేశారు. మాను చివర పూజారి కూర్చున్న చోటే టీ కొట్టాయన తడిగుడ్డ తగిలించే మేకు ఉండేది. "అమ్మోరి మాను మీద గుడ్డేటి బాబూ?" అని మేకు పీకి పక్క స్తంభానికి కొట్టుకున్నాడు. ఇలాంటివి బొమ్మని చూస్తే తెలియవు, అక్కడ టీ తాగితే తెలుస్తాయి.

చివరగా కింద మూల సంతకం వెతకండి. పక్కన నంబరుంటే ఫోన్ చేసి బాగుందని చెప్పండి. నాకు అలా ఒక్క ఫోనే వచ్చింది, గేటుకి రంగేస్తారా అని.